ఒరలో పెట్టేటప్పుడు తొందరొద్దు బిడ్డా

బిడ్డా, ఎమ్మెస్‌కు డాలస్ పోయాక అక్కడ హోల్‌స్టర్ సేఫ్టీ కోర్సులో చేరతానన్నావట. మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి ఒకటే గోల. ఆమెకు పిస్టల్ అంటే భయం. నా ఉద్యోగమంతా మామునూరు పోలీసు బెటాలియన్‌లో ఆయుధాల మధ్యే గడిచింది, అందుకని వద్దని నేను చెప్పను. నాలుగు మాటలు విని పో.

ముందు వీసా సంగతి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజిలో అద్దెకిచ్చిన పిస్టల్ పట్టుకున్నా ఆ లెక్కలోకే రావచ్చు. మీ అన్న "ఏం కాదు" అంటాడు. వాడి మాట నమ్మకు, ఈ చట్టం తెలిసిన వకీలును అడిగాకే ఫీజు కట్టు.

ఇక ఆట. ఇన్నాళ్లూ నువ్వు కొట్టింది పది మీటర్ల ఎయిర్ పిస్టల్. మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది ఆ ఆటలోనే. 75 నిమిషాల్లో 60 షాట్లు. పిస్టల్‌ను బల్ల మీద నుంచి తీస్తావు, మళ్లీ బల్ల మీదే పెడతావు. నడుముకు ఏమీ ఉండదు. నువ్వు చేరతానన్న కోర్సులో నేర్పే ఐపీఎస్సీ (ఇంటర్నేషనల్ ప్రాక్టికల్ షూటింగ్ కాన్ఫెడరేషన్) వాళ్ల ఆట అట్ల కాదు. 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఆ సంస్థ మొదలైంది. అందులో టైమర్ బీప్ మోగితే నడుముకున్న ఒర, అంటే హోల్‌స్టర్ నుంచి పిస్టల్ తీయాలి, ఒక్కోసారి పరిగెత్తుతూ కాల్చాలి. నీ గురి ఎంత బాగున్నా అక్కడ నువ్వు కొత్తదానివే. ఎయిర్ పిస్టల్ పతకాల సంగతి కోర్సులో ఎత్తకు.

ఆ క్లాసులో అందరి కళ్లూ పిస్టల్ తీయడం మీదే ఉంటాయి, చూడ్డానికి బాగుంటుంది గనక. నన్నడిగితే తీయడం కంటే లోపల పెట్టడమే గండం. "లోడ్ అండ్ మేక్ రెడీ" అనగానే మ్యాగజైన్ పెట్టి, రౌండ్ ఛాంబర్‌లోకి ఎక్కించి, అదే పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెడతావు చూడు, అక్కడ జాగ్రత్త. చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ గార్డులో ఇరుక్కుంటే వేలు పెట్టకుండానే పేలుతుంది. తల వంచి హోల్‌స్టర్ నోట్లోకి చూసి పెట్టు. సినిమా హీరోలు చూడకుండా దోపుకుంటారంటే, వాళ్లది డమ్మీ. ఎడమ చెయ్యి పొట్టకు ఆనించి ఉంచు, గొట్టం ముందుకు రానీయకు. ఏదన్నా అడ్డం తగిలితే నెట్టకు. బయటికి తీసి, ఏమిటో చూసుకుని మళ్లీ పెట్టు. అప్పటికింకా బీప్ మోగలేదు, నిన్ను తరిమేవాళ్లెవరూ లేరు. కాల్చడం అయ్యాక కూడా అంతే, చివరి షాట్‌తోనే నీ టైము ఆగిపోయింది.

చివరి షాట్ అయ్యాక, పిస్టల్ లోపల పెట్టే ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ చూపించమంటారు. మొక్కుబడిగా ఊపి చూపించకు. మా ఆయుధాగారం బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఆయుధాలు జమ తీసుకునేటప్పుడు "ఖాళీయే సార్" అంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి చూశాకే సంతకం చేసేవాణ్ణి. కుర్ర కానిస్టేబుళ్లు నవ్వేవాళ్లు, నవ్వనీ.

హోల్‌స్టర్ కొనేటప్పుడు పైసలకు చూడకు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది తీసుకో. పిస్టల్ తీయగానే నోరు మూసుకుపోయే మెత్తటి గుడ్డ సంచీలు వద్దు. బెల్టు వంగనిదై ఉండాలి. వదులు కుర్తాలు, చున్నీలు ఆ రోజుకు ఇంట్లోనే పెట్టు.

ఇంకోటి. పిస్టల్ చేయి జారితే పట్టుకోబోకు, పడనీ. వంటింట్లో గిన్నె జారితే చెయ్యి తనంతట తానే పోతుంది కదా, ఇక్కడ ఆ చెయ్యి నేరుగా ట్రిగ్గర్ మీదకే పోతుంది. కింద పడ్డాక కూడా ముట్టుకోకు. రేంజ్ ఆఫీసర్‌ను పిలువు, తీయాల్సింది ఆయనే.

రేపు పోటీలకు పోయినప్పుడు నీ వంతు నడుస్తుండగా పిస్టల్ పడిందా, ఆ పోటీకి నీకు సెలవే. డిస్‌క్వాలిఫై అన్న మాట వినగానే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి, నోటి దాకా వాదన వస్తుంది. వాదించకు. పిస్టల్ సంచిలో పెట్టి, ఇంటికి పోకుండా అక్కడే ఉండు. మిగతావాళ్ల టార్గెట్ల మీది తూటా రంధ్రాలకు స్టిక్కర్లు అంటించు, ఎవరు ఎట్ల లోపల పెడుతున్నారో చూడు.