తల్లి మెచ్చని చదువు



బిడ్డలకు చదువు చెప్పించుట తల్లిదండ్రుల విధియని వేరుగ చెప్పనక్కరలేదు. వర్తక కుటుంబములలో ఈ విధికి లోటు లేదు. ప్రొద్దుననే దుకాణము తలుపులు తీసి, రాత్రి పద్దులు వ్రాసి ముగించువరకు శ్రమపడు తండ్రి, ఈ శ్రమయంతయు పిల్లల చదువుకొరకేయని చెప్పుచుండును. మంచి పాఠశాల ఎక్కడ నున్నదో విచారించి, ఎంత సొమ్మైనను వెచ్చించి అందు చేర్పించును. ఇది మెచ్చదగినదే. కాని చదువు ముగించి ఇంటికి వచ్చిన కుమారుని చూచి, ఈ చదువు వీనిని ఎట్టివానిగా తీర్చినదని తమలో తాము అడుగుకొను తల్లిదండ్రులు ఎందరు? ఆ ప్రశ్న అడిగిన ఒక తల్లి కథ శ్వేతాంబర సంప్రదాయ గ్రంథములలో కలదు. ఆమె అడుగుటవలననే జినశాసనమునకు ఒక మహాచార్యుడు లభించెను.

తండ్రియే తొలి గురువు

ఆ కథకు ముందు తండ్రినిగూర్చి ఒక మాట. 9వ శతాబ్దమున జినసేనాచార్యులు రచించిన ఆదిపురాణములో ఋషభదేవుడు తన కుమార్తెలగు బ్రాహ్మిని, సుందరిని దగ్గర కూర్చుండబెట్టుకొని స్వయముగా అక్షరములను, అంకెలను నేర్పిన ఘట్టము కలదు. బ్రాహ్మీలిపికి ఆ పేరు ఆ కుమార్తెవలననే వచ్చినదని జైనుల విశ్వాసము. రాజ్యభారము మోయుచున్న ఆ ప్రభువు తనకు తీరిక లేదనలేదు. ఎవరినో ఒక పంతులును పెట్టి ఊరకుండలేదు. ఆడుపిల్లలకు చదువేలయని కూడ అనలేదు. ముందు కుమార్తెలకు నేర్పి, ఆ పిమ్మట కుమారులకు నానాశాస్త్రములను బోధించెను.

బళ్ళారిలోను, బరంపురములోను, చెన్నపట్నములోను, యానాములోను తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఈ ఘట్టమును ముఖ్యముగ తలపవలెను. ఇంట తెలుగు, బడిలో మరియొక భాష, ఆగమములలో ప్రాకృతము. బడిలో తెలుగు చెప్పరుగదాయని చేతులు ముడుచుకొన్నచో, బిడ్డకు అమ్మమ్మ వ్రాసిన ఉత్తరము చదువుట కూడ రాదు. దుకాణము మూసిన పిమ్మట అరగంట బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించు తండ్రి, ఋషభదేవుని అడుగుజాడలలో నడచుచున్నవాడే.

అంకెల విద్యయన్ననో, వర్తకునకు ప్రాణము వంటిది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, అనగా 9వ శతాబ్దమున, మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. సుమారు 11వ శతాబ్దమున పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన శివభక్తుడు. అయినను జైనుని గ్రంథమని త్రోసివేయక, తెలుగు బిడ్డలకు ఉపయోగపడునని గ్రహించెను. మంచి విద్య ఎవరి యింట పుట్టినను అందరికిని సొత్తేయని దీనివలన తెలియుచున్నది.

కాని ఒకటి మరువరాదు. సరియైన లెక్క నేర్చిన చేయియే దొంగలెక్క కూడ వ్రాయగలదు. అక్షరములు, అంకెలు మాత్రమే వచ్చినంతమాత్రమున చదువు పూర్తియైనదనుకొనుట పొరపాటు. దశపురములోని తల్లి కనుగొన్నది ఈ లోపమునే.

రుద్రసోమ ప్రశ్న

దశపురమనగా నేటి మధ్యప్రదేశమునందలి మందసౌర్. సుమారు రెండువేల యేండ్ల క్రిందట ఆ నగరమున సోమదేవుడను రాజపురోహితుడుండెను. ఆయన భార్య రుద్రసోమ శ్రావిక. వారి పెద్దకుమారుడు రక్షితుడు, చిన్నవాడు ఫల్గురక్షితుడు. రక్షితుడు తండ్రి దగ్గర నేర్చినంత నేర్చి, అది చాలక పాటలీపుత్రమునకు పోయి పదునాలుగు విద్యలను అభ్యసించి తిరిగివచ్చెను. రాజు స్వయముగా ఎదురేగెను. ఏనుగుపై ఎక్కించి ఊరేగించిరి. పురజనులు కానుకలతో ఇల్లు నింపిరి. తండ్రి ఆనందమునకు మేర లేదు.

అందరును వచ్చిరిగాని తల్లి ఎదురు రాలేదు. రక్షితుడు లోపలికి పోయి చూడగా ఆమె సామాయికములో నుండెను. ఏనుగుపై వచ్చినది కన్నకొడుకైనను, ఆమె తన వ్రతమును మధ్యలో విడువలేదు. అది ముగిసిన తరువాత కూడ ఆమె ముఖమున సంతోషము కానరాలేదు. ఊరంతయు సంతోషించుచుండగా నీకేల సంతోషము లేదని కుమారుడు అడిగెను. జీవహింసకు తోడ్పడి, సంసారమును పెంచు చదువు చదివివచ్చిన నిన్ను చూచి ఎట్లు సంతోషింతును, దృష్టివాదమును నేర్చివచ్చినచో సంతోషింతునని ఆమె బదులు చెప్పెను.

ఆ తల్లి కుమారుని కసరలేదు. పదిమందిలో చిన్నబుచ్చలేదు. వానికి లేనిదేదో చెప్పినది. అది దొరకు తావు కూడ చూపినది. తమ చెరకుతోటలోనే తోసలిపుత్రాచార్యులు విడిసియున్నారని, ఆయనయే నేర్పగలరని తెలిపెను. తప్పు చూపి త్రోవ చూపని తల్లిదండ్రులవలన బిడ్డకు విసుగు పుట్టును. తప్పుతోబాటు త్రోవయు చూపినప్పుడు బిడ్డ లేచి నడచును. రక్షితుడు మరునాటి ఉదయముననే బయలుదేరెను.

దారిలో తండ్రి స్నేహితుడొకడు రక్షితుని చూచుటకు చెరకుగడలు తెచ్చుచు ఎదురయ్యెను. అవి తొమ్మిది నిండుగడలు, ఒక తునక. ఆ శకునమునుబట్టి కుమారునకు తొమ్మిది భాగములును, పదవదానిలో కొంతయు లభించునని రుద్రసోమ ఇంటనుండియే గ్రహించెనట.

చూచినది చేసెను

రక్షితుడు ఉపాశ్రయము చేరెను. పదునాలుగు విద్యలు వచ్చినను, మునులకు వందనము చేయు విధము వానికి తెలియదు. అడుగుటకు సిగ్గుపడి వాకిట నిలిచెను. అంతలో ఒక శ్రావకుడు వచ్చి యథావిధిగా వందనము చేసెను. రక్షితుడు వాని వెనుకనే పోయి, వాడు చేసినట్లే చేసెను. ఒక్కటి మాత్రము విడిచెను. మునులకు మ్రొక్కిన పిమ్మట అచ్చటనున్న శ్రావకునికి కూడ నమస్కరించుట ఆచారము. ముందు వచ్చిన శ్రావకునికి అక్కడ వేరొక శ్రావకుడు లేడు గనుక అతడు ఆ పని చేయలేదు. కావున రక్షితుడును చేయలేదు. దానినిబట్టియే ఇతడు క్రొత్తవాడని ఆచార్యులు కనిపెట్టిరి. ఈ వందనము ఎవరు నేర్పిరని అడుగగా, రక్షితుడు ఆ శ్రావకునే చూపెను.

బిడ్డల చదువునుగూర్చి తెలియవలసిన సంగతి ఈ చిన్న ఘట్టములోనే ఇమిడియున్నది. చూచినదంతయు చేసెను, చూడనిది చేయలేదు. మహాపండితుడే ఇట్లు చేసినచో, పదియేండ్ల పసివాడు ఏమి చేయును?

వర్తకుని బిడ్డకు రెండు బడులున్నవి. ఒకటి పలకాబలపము పట్టిన బడి. రెండవది తండ్రి దుకాణము. బడినుండి వచ్చిన బాలుడు గల్లాపెట్టె ప్రక్కన కూర్చుండి చూచుచుండును. అప్పులవాడు వచ్చినప్పుడు, నాన్న ఊరిలో లేడని చెప్పుమని లోపలనుండి తండ్రియే చెప్పి పంపినచో, ఆ బాలుడు ఆనాడు నేర్చినది ఒక పాఠము. పన్నుల అధికారికి చూపుట కొక పుస్తకము, దాచుకొనుట కొక పుస్తకము ఉండుట చూచినచో, అది మరియొక పాఠము. తత్త్వార్థసూత్రములో అచౌర్యవ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. దొంగతనమునకు పురికొల్పుట, దొంగసొత్తు కొనుట, రాజశాసనమును మీరుట, కొనునప్పుడొక తూకము అమ్మునప్పుడొక తూకము వాడుట, మేలిసరుకులో నాసిసరుకు కలుపుట. సత్యవ్రతపు అతిచారములలో దొంగపత్రములు వ్రాయుట, ఒకరు నమ్మి దాచిన సొమ్మును అపహరించుట చేరియున్నవి. ఇవి అంగడివీధి నెరిగినవారు అంగడివీధికొరకు చెప్పినట్లున్నవి కదా! పర్యూషణములో ఈ అతిచారములను బిడ్డచేత వల్లెవేయించి, మరునాడు అవే వానికి దుకాణములో చూపినచో, వాడు దేనిని నమ్మును? కన్నులు చూచినదానినే నమ్మును.

అట్లే మంచియు చూచియే నేర్చును. పొరపాటున ఎక్కువ సొమ్మిచ్చి పోయిన గిరాకీని వీధి చివరవరకు వెదకి, మిగులు పైకము తిరిగి ఇచ్చివచ్చిన తండ్రి, అస్తేయముమీద గంటసేపు ఉపన్యాసము చేయనక్కరలేదు. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించు తల్లి, నీరు వడగట్టి త్రాగు అవ్వ, పనిమనిషిని గౌరవముగ పిలుచు తాత, వీరందరును జీతము లేని ఉపాధ్యాయులే. ఇంటిల్లిపాదియు ఎవరి చేతి ఫోనును వారు చూచుకొనుచు కూర్చుండి, బిడ్డను మాత్రము సామాయికము చేయుమనుట వలన ఫలము లేదు. రుద్రసోమ సామాయికము చేయుమని చెప్పలేదు, తాను చేసినది. కుమారుడు చూచెను.

ఉత్తమ గురువు లక్షణము

తల్లి త్రోవ చూపెను. ఆ త్రోవను నడిపించినవారు గురువులు. తోసలిపుత్రాచార్యులు రక్షితునికి దీక్ష యిచ్చి, తమకు వచ్చినంత నేర్పిరి. పిమ్మట, పూర్వములు నేర్వవలెనన్నచో వజ్రస్వామి కడకు పొమ్మని తామే పంపిరి. తనకు తెలిసినదే సర్వమని శిష్యుని కట్టివేయక, తనకంటె ఎక్కువ తెలిసినవాని యొద్దకు పంపగలుగుట గురువునకు గొప్ప గుణము.

వజ్రస్వామి యొద్ద ఆర్యరక్షితుడు తొమ్మిది పూర్వములు నేర్చి పదవది ప్రారంభించెను. అంతలో తల్లి రమ్మనుచున్నదని తమ్ముడు ఫల్గురక్షితుడు వచ్చెను. వచ్చినవాడు తానును దీక్ష గైకొనెను. ఇంక ఎంత మిగిలినదని ఆర్యరక్షితుడు అడుగగా, నేర్చినది ఆవగింజంత, మిగిలినది మేరువంతయని గురువు చెప్పెను. శిష్యుని సంతోషపెట్టుటకు అబద్ధమాడలేదు. నేటికాలమున పిల్లవానికి తెలిసినది కొంచెమని గురువు చెప్పినచో, తల్లిదండ్రులు గురువుమీదనే కోపగించుట కలదు. అట్టివారికి ఈ మాట మంచి మందు.

తరువాత ఆర్యరక్షితుడే గురువయ్యెను. దశపురమునకు తిరిగివచ్చి తల్లికిని తండ్రికిని దీక్ష యిచ్చెను. వృద్ధుడైన తండ్రి గొడుగు, పాదరక్షలు, కమండలము, జన్నిదము విడువలేనని పట్టుబట్టెను. కుమారుడు వాదింపక సరేయనెను. పిమ్మట కొందరు బాలురు, గొడుగు పట్టిన మునికి తప్ప అందరికిని మ్రొక్కుదుమని చెప్పునట్లు ఏర్పాటు చేసెను. తండ్రి సిగ్గుపడి గొడుగు విడిచెను; ఇట్లే ఒక్కొక్కటిగా తక్కినవియు విడిచెను. గట్టివానిని కొట్టి వంచలేమని, నేర్పుతో వంచవచ్చునని ఈ కథ చెప్పుచున్నది.

ఆయన శిష్యులలో దుర్బలికా పుష్యమిత్రుడు మిక్కిలి తెలివిగలవాడు. తోటి శిష్యునకు పాఠము చెప్పుచుండుటవలన తనకు వల్లెవేసికొనుటకు సమయము చాలక, నేర్చినది మరచుచున్నానని ఆయన చెప్పుకొనెను. ఇంతటి మేధావికే ఇట్లయినచో తక్కినవారి గతి యేమని ఆర్యరక్షితుడు ఆలోచించెను. శిష్యులు మందబుద్ధులని నిందింపలేదు. చదువు ఏర్పాటునే మార్చి, ఆగమవిద్యను చరణకరణ, ధర్మకథా, గణిత, ద్రవ్యములను నాలుగు అనుయోగములుగ విడదీసెను. నడవడి, కథ, లెక్క, తత్త్వము, ఈ నాలుగును చదువులో భాగములే. నేటి బడులలో లెక్కకు చోటున్నది. తక్కిన మూడింటికి ఇల్లును, ధర్మపాఠశాలయు చోటు చూపవలెను.

అంత్యకాలమున తన పదవి కెవరు తగుదురని నిర్ణయించుటకు ఆయన మూడు కుండల ఉపమానము చెప్పెను. చిక్కుడుగింజల కుండను బోర్లించినచో ఒక్క గింజయు మిగులదు. నూనె కుండలో కొంచెము అంటుకొని మిగులును. నేతి కుండలో చాల మిగిలిపోవును. దుర్బలికా పుష్యమిత్రునికి తాను గింజల కుండవలె అంతయు ఇచ్చివేసితినని చెప్పి, ఆయనను తన పదవికి ఎన్నుకొనెను. బంధుత్వము చూడలేదు, తమ్ముడైన ఫల్గురక్షితుడు నూనెకుండ పోలికలో నిలిచెను. తనయందు ఏమియు దాచుకొనక శిష్యునిలో పోయువాడే గురువు. వెనుకటి దినములలో కొందరు వర్తకులు వ్యాపారపు కీలకము కొడుకునకు కూడ చివరివరకు చెప్పకుండిరి. వారు నేతికుండలు.

చేయవలసినది

ఈ కథ విని, బిడ్డలందరును సన్న్యసింపవలెనా యని ఎవరును భయపడనక్కరలేదు. వైద్యుడు కావచ్చును, ఇంజనీరు కావచ్చును, విదేశములకు పోవచ్చును, తండ్రి గద్దెమీదనే కూర్చుండవచ్చును. 1888లో మోహనదాసు గాంధీ బారిష్టరు చదువుకై ఇంగ్లండునకు పోదలచినప్పుడు తల్లి పుత్లీబాయి సందేహించెను. బేచర్జీ స్వామియను జైనసాధువు ఆయనచేత మద్యమును, మాంసమును, పరస్త్రీని తాకనని ప్రతిజ్ఞ చేయించెను. అప్పుడు తల్లి అనుమతించెను. చదువు ఆపలేదు, చదువునకు కట్టుబాటు ఏర్పరచిరి. తల్లియు గురువును కలసి పనిచేసిన ఫలితము లోకమెరిగినదే.

తల్లిదండ్రులును గురువులును ఒకరినొకరు బలపరచుకొనవలెను. ధర్మపాఠశాల పండితునికి నెలజీతమిచ్చుటకు పదిమార్లు త్రిప్పుకొను గృహస్థుడు, గురుభక్తినిగూర్చి తన కుమారునకు ఏమి నేర్పుచున్నాడు? పెండ్లిపందిరికి లక్షలు ధారపోసి, పాఠశాల పుస్తకములకు చందా అడిగినప్పుడు ముఖము చిట్లించినచో, ఏది గొప్పదని బాలుడు తలచును? గురువు తప్పు చేసినను బిడ్డ ఎదుట నిందింపరాదు; ఒంటిగ పిలిచి చెప్పవలెను.

పరీక్ష ఫలితములు వచ్చి, ఇరుగుపొరుగువారు మిఠాయిలు పంచుకొను దినమున, ప్రతి యింటను ఒక రుద్రసోమ ఉండవలెను. అందరితోబాటు సంతోషించుచునే, వీడు అబద్ధమునకు జంకుచున్నాడా, ప్రాణిని చూచి జాలిపడుచున్నాడా, పెద్దలను మన్నించుచున్నాడాయని ఆమె అడుగవలెను. తండ్రి ఆ ప్రశ్నకు తన త్రాసుతోను, తన పద్దుపుస్తకముతోను బదులు చెప్పగలిగియుండవలెను. అట్టి యిండ్లలో పెరిగిన బిడ్డల చదువు వంశమునకు వన్నె తెచ్చును, సంఘమునకు బలమగును.

సర్వజీవులకు శుభమగుగాక!

జై జినేంద్ర!