వెల చెల్లించిన అతిథి

అతిథి యనగానే మనకు తోచునది వెల లేని అన్నము. తిథి నియమము లేక, పిలువకయే వచ్చి వాకిట నిలిచినవాడు అతిథి. అట్టివానిని దైవముగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు శిష్యునకు బోధించెను. మరి బల్ల యొద్ద కూర్చుండి, కావలసినది చెప్పి, తిని, బిల్లు చెల్లించి లేచిపోవువానిని ఏమని పిలువవలెను? వాడుకలో అతడు గిరాకీ. అన్నము పెట్టినవాడు వర్తకుడు. ఇరువురి నడుమ నున్నది లెక్క. లెక్క తీరినచో సంబంధము తీరినట్లే. ఇది లోకమున ఎల్లరు ఒప్పుకొనిన మాట. ఈ మాట పూర్తిగా నిజము కాదేమో యను సందేహము మాకు ఢిల్లీ నగరమున ఒక చిన్న అఫ్ఘాను భోజనశాలలో కలిగినది. ఆ సందేహమునే ఇచట పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

పనిమీద ఢిల్లీకి పోయిన మేము నలుగురము ఒకనాటి సాయంకాలము లాజ్‌పత్ నగరునకు వెళ్ళితిమి. 1947లో దేశవిభజన వలన పడమటి పంజాబున సర్వస్వము కోల్పోయి వచ్చిన శరణార్థులకు నిలువ నీడ కల్పించిన పేటలలో అది యొకటి. లాలా లజపతిరాయి పేర వెలసినది. ఆ శరణార్థుల బిడ్డలు, మనుమలు స్థిరపడిన తరువాత, అదే వీథులకు వేరొక దేశపు నిర్వాసితులు వచ్చిరి. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తానమున ప్రవేశించినప్పుడు కొందరు, 1992 తరువాత అంతర్యుద్ధము చెలరేగినప్పుడు కొందరు, 1996లో తాలిబానులు కాబూలును పట్టుకొన్నప్పుడు మఱికొందరు, 2021 ఆగస్టు 15న ఆ నగరము మరల వారి వశమైనప్పుడు ఇంకను కొందరు. వారిలో ముస్లిములు కలరు, సిక్కులు కలరు, హిందువులు కలరు. ఢిల్లీ ఆసుపత్రులలో చికిత్సకై వచ్చి కొన్ని నెలలుండి పోవువారును కలరు. అందుచేత అచటి కొన్ని వీథులలో దుకాణముల పేర్లు పారసీక లిపిలో కానవచ్చును. మందుల అంగడి ప్రక్కన రొట్టెల తందూరు కానవచ్చును.

మేము ప్రవేశించిన భోజనశాలలో ఆడంబరమేమియు లేదు. ఎనిమిదో తొమ్మిదో బల్లలు; వాకిటనే బొగ్గుల పొయ్యి. గొఱ్ఱెమాంసపు ముక్కలను ఇనుప కమ్ములకు గ్రుచ్చునప్పుడు నడుమనడుమ ఒక కొవ్వు ముక్కను గ్రుచ్చుట వారి పద్ధతి. ఆ దేశమున తోకయందు కొవ్వు నిల్వచేసికొను దుంబా యను గొఱ్ఱె కలదు. నిప్పుల సెగకు ఆ కొవ్వు కరగి ప్రక్క ముక్కను తడుపును, మాంసము ఎండిపోదు. మసాలా మిక్కిలి తక్కువ. మన నాలుకకు తొలుత చప్పగా తోచి, రెండవ ముద్దలో గాని దాని రుచి తెలియదు. మాంసపు రసములో ఉడికిన పొడవాటి బియ్యముపై సన్నగా తరిగి వేయించిన కారట్టును, ఎండుద్రాక్షను చల్లినది కాబూలీ పులావు. మాలో ఒకరు శాకాహారులు. వారి కొఱకు వంకాయను వేయించి, వెల్లుల్లి కలిపిన పెరుగు పోసిన బొరానీ వచ్చినది; మూర పొడవున నాను రొట్టె వచ్చినది. వంకాయ యెక్కడ నున్నను మన బంధువే కదా యని వారు తృప్తిగా భుజించిరి.

ధర మాట కూడ చెప్పవలెను. చిన్న ఉద్యోగికి భారము కాని ధర అది. ఒక బల్ల యొద్ద ఆసుపత్రి కాగితముల సంచిని ఒడిలో పెట్టుకొని ఒక అఫ్ఘాను కుటుంబము భుజించుచుండెను. వేరొక బల్ల యొద్ద ఇరువురు విద్యార్థులు ఒకే పులావు పళ్ళెమును పంచుకొనుచుండిరి. వారిని ఎవరును తొందరపెట్టలేదు.

యజమాని నడివయస్కుడు. హిందీ బాగుగా మాటలాడును. మేము అడుగగా, 2021లో కుటుంబముతో వచ్చితినని మాత్రము చెప్పి మరల పొయ్యివంక తిరిగెను. ఆ కొద్ది మాటకే మా హృదయము కరగినది. బిల్లు రాగా, దానికి సగము హెచ్చుగా నోట్లు పళ్ళెములో పెట్టి, మిగిలినది ఉంచుకొనుడని, మా జాలి ఆయనకు తెలియునంత మెల్లగా చెప్పి లేవబోతిమి. ఆయన నోట్లు లెక్కించి, తనకు రావలసినది తీసికొని, తక్కినది తెచ్చి మా ముందు పెట్టెను. వెనువెంటనే ఒక కుఱ్ఱవాడు యాలకులు వేసిన పచ్చ తేనీటిని, నాలుగు గ్లాసులను తెచ్చెను. మేము తేనీరు అడుగలేదంటిమి. “లెక్క అయినది. ఇది లెక్కలోనిది కాదు. కూర్చుండుడు” అని యజమాని చెప్పెను. కోపము లేదు, పెద్ద నవ్వును లేదు. మేము కూర్చుంటిమి.

తిరిగి వచ్చుచు దారిలో మాలో మేము వాదించుకొంటిమి. అది వర్తకపు నేర్పు, గుప్పెడు ఆకుతో గిరాకీని కట్టివేయుట యని ఒకరనిరి. మనస్ఫూర్తిగా ఇచ్చినదానిని త్రోసివేయుట గర్వమని వేరొకరనిరి. శాకాహారి మిత్రులు మాత్రము, మనము ఆ సొమ్మును ఏ పేరుతో ఇచ్చితిమో ముందు చూచుకొనవలెననిరి. ఆ మాట మమ్ము గ్రుచ్చినది.

మన సంప్రదాయమున అన్నమును అమ్ముట హీనమైన వృత్తియను భావము చిరకాలముగా కలదు. అన్నవిక్రయ మనునది నిందార్థమున వాడిన మాట. పందొమ్మిదవ శతాబ్దమున గోదావరి సీమలో డొక్కా సీతమ్మగారు వేళగాని వేళ వచ్చినవారికి సయితము వండి పెట్టి ప్రాతఃస్మరణీయురాలైనది. వెల పుచ్చుకొని పెట్టిన పూటకూళ్ళవారికి అట్టి కీర్తి దక్కలేదు. కన్యాశుల్కములోని పూటకూళ్ళమ్మను చూచి మనము నవ్వుకొన్నాము. అయినను మన సాహిత్యమే వేరొక సాక్ష్యమును కూడ ఇచ్చుచున్నది. ఓరుగల్లు వీథుల వెంట మనలను త్రిప్పిన క్రీడాభిరామములో ఒక పూటకూటి యింటి భోజనము వర్ణింపబడినది. ఒక రూకకు అన్ని వంటకములతో పెట్టిన ఆ విందును చెప్పునప్పుడు కవికి తిరస్కారము లేదు, ఆనందమే కలదు. దూరమునుండి వచ్చిన బాటసారికి తగిన వెలకు తగిన అన్నము దొరకుట ఊరికి వన్నె తెచ్చు విషయమని ఆ కాలమువారు ఎరుగుదురు.

కావున ప్రశ్నను సరిగా వేసికొనవలెను. వెల పుచ్చుకొనుట ఆతిథ్యమును చంపునా? మాకు తోచిన సమాధానము: వెల చంపదు, ఇచ్చువాని మనస్సు చంపవచ్చును, పుచ్చుకొనువాని మనస్సును చంపవచ్చును. వామనునకు దానము చేయవలదని శుక్రాచార్యులు వారించినప్పుడు, సాక్షాత్తు విష్ణువు చేయి క్రిందై తన చేయి మీదగుటకంటె గొప్ప యేమున్నదని బలి చక్రవర్తి పలికినట్లు పోతన వర్ణించెను. బలి మహాదాత, సందేహము లేదు. కాని ఆ మహాదాతకు సయితము చేయి మీదగుటలోని రుచి తెలియును. ఆ సాయంకాలము మేము హెచ్చుగా పెట్టిన నోట్లలో ఆ రుచియే కలదు. తన వంట బాగున్నదని మేమిచ్చిన సొమ్ము కాదది. తన దేశము పోయినదని ఇచ్చినది. మొదటిది బహుమానము, రెండవది భిక్ష. ఆయన భిక్ష అడుగలేదు, కబాబు అమ్మెను.

నిర్వాసితుడు కోల్పోవునది ఇల్లు, పొలము, ఉద్యోగము మాత్రమే కాదు. ఇతరులకు అన్నము పెట్టు అధికారమును కూడ కోల్పోవును. అఫ్ఘానులలో పష్తూనుల ధర్మనియమమునకు పష్తూన్‌వలీ యని పేరు. అందు మెల్మస్తియా యనగా అతిథి సత్కారము. ననవాతె యనగా శరణన్నవానికి రక్షణ. తాజికులు, హజారాలు, ఉజ్బెకులు మున్నగు తక్కిన జాతులవారును వచ్చినవాని ముందు దస్తర్‌ఖాన్ వస్త్రమును పరచుట యింటి గౌరవముగా ఎంచుదురు. అట్టి మర్యాదలో పెరిగినవాడు పరదేశమున అడుగుపెట్టినది మొదలు పుచ్చుకొనువాడే యగుచున్నాడు. మన దేశము 1951 నాటి శరణార్థుల ఒప్పందమునందు గాని, 1967 నాటి అనుబంధ పత్రమునందు గాని చేరినది కాదు. అందుచేత ఇచట శరణార్థి నివాసమునకు చట్టము చూపు హక్కుకంటె ప్రభుత్వపు అనుమతియే ఆధారము. కాగితమునకు ఒకరి దయ, గదికి ఒకరి దయ, బిడ్డ చదువునకు వేరొకరి దయ. ఈ దయలన్నియు అవసరమైనవే. కాని రోజంతయు చేయి క్రిందనే ఉంచవలసిన మనుష్యునకు ఒక్కచోటనైనను చేయి సమముగా నిలువవలెను కదా! అంగడియే ఆ చోటు. తగిన వెలకు తగిన భోజనము: ఇచట ఇచ్చువాడును పుచ్చుకొనువాడును సమానులు. ఆ సమానత మీద నిలిచిన పిదపనే, లెక్క తీరిన పిదపనే, తేనీరు పోసి మరల గృహస్థు కాగలడు. వెల లేనిచో ఆయనకు ఆ నేల లేదు. ఈ విధముగా చూచినచో వెల ఆతిథ్యమునకు శత్రువు కాదు, దాని పునాది.

ఇది వర్తకపు నేర్పే యన్న మిత్రునకు మా సమాధానము ఇది. మనస్సులోనిది ఎవరును చూడజాలరు. కాని నేర్పు మాత్రమే యైనచో తేనీటిని ఇచ్చి, సొమ్మును కూడ ఉంచుకొనవచ్చును. ఆయన ముందు సొమ్ము తిరిగి ఇచ్చెను. తరువాత తేనీరు పోసెను. ఆ వరుసలోనే ఆయన చెప్పదలచినది ఉన్నది.

ఇంకొక ఆక్షేపణ దీనికంటె బరువైనది. వెలతో కూడిన ఆతిథ్యము వెల లేనివానిని వాకిటనే నిలుపును గదా? నిజమే. ఎంత చవుక యైనను ఆ ధర కూడ లేనివారు కలరు. అందుచేత అన్నసత్రములు కావలెను, సీతమ్మగారి వంటి తల్లులు కావలెను. మేము ఒకదానిని నిలిపి రెండవదానిని కొట్టివేయుటలేదు. ఆకలికి అన్నదానము మందు. అవమానమునకు మందు వేరు. ఒకని వ్యాధి యేదో తెలిసికొనక మందు ఇచ్చుటయే మేము చేసిన తప్పు.

ఈ విషయము మన సంఘపు సంచికలో వ్రాయుటకు కారణము కలదు. మనలో పెక్కుమంది పూర్వులు నాయకరాజుల నాడు తంజావూరు, మధుర సీమలకు, తరువాతి కాలమున ఇతర ప్రాంతములకు తరలివచ్చినవారు. వచ్చిన మొదటినాడు వారు ఎవరి యింట నీరు త్రాగిరో మనకు తెలియదు. వారు తొలిసారి తమ వాకిట పొరుగువానికి ఆకు వేసిననాడు, వలస వచ్చినవారు ఊరివారైరి. పుచ్చుకొన్ననాడు కాదు, పెట్టిననాడు. ఇంగువ కట్టిన గుడ్డ యని మనవారు ఊరక అనలేదు. మూట పోయినను వాసన పోదు. ఆ వాసనయే మనలను ఇన్ని తరములు తెలుగువారినిగా నిలిపినది. ఆ భోజనశాల యజమాని తేనీటిలోనున్నదియు అదియే.

ఇంగువ మాట వచ్చినది కనుక ఒక చిన్న సంగతి చెప్పి ముగింతుము. మన వంటిండ్లలోని ఇంగువలో హెచ్చుభాగము అఫ్ఘానిస్తానమునుండి వచ్చునదే. ఆ మొక్కను మన దేశమున లాహౌల్ లోయలో నాటుటకు పూనుకొన్నది 2020లో మాత్రమే. ఢిల్లీ విడుచుటకు ముందు మేము ఆ భోజనశాలకు మరల పోతిమి. మేము బస చేసిన బంధువుల యింట చేసిన పులిహోరను ఒక డబ్బాలో తీసికొనిపోయి యజమానికిచ్చి, ఇందులో మీ దేశపు సరకు కలదంటిమి. ఆయన మూత తీసి, వాసన చూచి, ఇంగువ పేరు తానే చెప్పెను. నిలువబడియే రెండు ముద్దలు తిని, తక్కినది లోపల వంటవారికి పంపెను. మా బిల్లు మాత్రము ఎప్పటివలెనే వచ్చినది. మేము సరిగా అంతయే చెల్లించితిమి. తేనీరు వచ్చినది, ఈసారి అడుగలేదని అనక త్రాగితిమి.