చెయ్యి, వాటా

కంపెనీల చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వార్షిక సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టినప్పుడు మొదట చేతులు ఎత్తమంటారు. అప్పుడు పది షేర్లున్నవాడిదీ, పదివేల షేర్లున్నవాడిదీ ఒక్కటే ఓటు. 2013 చట్టంలో 107వ సెక్షన్ ఇది. రెండు సెక్షన్లు దాటేసరికి ఆ సమానత్వం అయిపోతుంది. ఛైర్మన్ తలుచుకున్నా, పదోవంతు ఓట్లున్నవాళ్లు అడిగినా, 5 లక్షల రూపాయలు చెల్లించిన షేర్లున్నవాళ్లు అడిగినా ‘పోల్’ పెట్టాల్సిందే. ఇక లెక్కపెట్టేది మనుషుల్ని కాదు, షేర్లని. లిస్టయిన కంపెనీల్లో, వెయ్యిమందో ఆపైనో వాటాదార్లున్న చోట్ల, ఎలక్ట్రానిక్ ఓటింగు వచ్చాక చేతులెత్తే పనే లేదు. అది చిన్న కంపెనీల్లోనే మిగిలింది.

మా తాత కొన్న కొద్దిపాటి షేర్లు నా పేరు మీదికి మారడంతో, అట్లాంటి చిన్న కంపెనీ మీటింగుకి ఆత్మకూరు వెళ్లాను. రేకుల షెడ్డు పక్కన ఆఫీసు గది, ప్లాస్టిక్ కుర్చీలు. సభ్యులు వెయ్యికి మించకపోతే ఐదుగురు వస్తే కోరం సరిపోతుంది. మేం ఏడుగురం. జమాఖర్చుల్లో జీతాల ఖర్చు తగ్గింది, లాభం ఇంచుమించు అంతే పెరిగింది. “ఎంతమందిని మానిపించారు సార్?” అని అడిగాను.

ఛైర్మన్ నవ్వాడు. “ఏందబ్బయ్యా, మీ తాత ఏనాడూ ఇట్టాంటివి అడగలా.”

టీ గ్లాసులు అందిస్తున్న మనిషి ఒక్క క్షణం ఆగాడు. షెడ్డులో పనిచేసే ఆయనే. నా ప్రశ్నకి జవాబు ఆయనకి తెలుసు. కానీ ఆయన గదిలో ఉన్నాడు గానీ సమావేశంలో లేడు. లెక్కలు ఆమోదించమన్నప్పుడు ఆరు చేతులు లేచాయి, నాది లేవలేదు. తీర్మానం నెగ్గింది.

డబ్బు పెట్టినవాడే నష్టపోతాడు కాబట్టి నిర్ణయమూ అతనిదే కావాలంటారు. అందులో న్యాయం లేకపోలేదు. ఎవరూ డబ్బు పెట్టకపోతే షెడ్డే లేదు. అయితే కంపెనీ పేరు చివర ‘లిమిటెడ్’ అని ఎందుకుంటుంది? వాటాదారు నష్టం తన షేరు డబ్బుతో ఆగిపోతుందని. అంతకుమించి అప్పులవాళ్లు ఆయన ఇంటికి రారు. పనివాడి నష్టానికి చట్టం అట్లాంటి గట్టు కట్టలేదు. పని పోతే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, బజార్లో అప్పు, అన్నీ వరసగా కదులుతాయి. నష్టమే హక్కుకి కొలత అయితే, ఆ గదిలో మొదట మాట్లాడాల్సింది ఎవరు?

హక్కుని వాటాకి కాకుండా చేతికే కట్టిన ఏర్పాటు ఒకటి మావైపే ఉంది. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేస్తారు. ఆ పనికి జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని ఒక వ్యాపారి తన సొంతానికి రాయించుకోలేడు. తయారుచేసేవాళ్ల తరఫున నిలబడే సంఘానికో, సంస్థకో రిజిస్టరు చేస్తారు. 1999 నాటి జీఐ చట్టం 24వ సెక్షన్ ప్రకారం దాన్ని అమ్మడానికీ, తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. షేరు చేతులు మారుతుంది, ఈ పేరు మారదు. అయినా పేరు దక్కినంత మాత్రాన ధర చెప్పే బలం రాదు. గరిటె రేటు ఇప్పటికీ బజారే చెబుతుంది. కాబట్టి ఆ ఏర్పాటుని తెచ్చి కంపెనీ మీద అతికిస్తే అంతా చక్కబడుతుందని నేననను.

నేననేది చిన్న మాట. కొద్ది షేర్లున్నవాడి ఓటు దేన్నీ మార్చదు, నిజమే. కానీ అతనికి నోరుంది, పోయేది పెద్దగా లేదు. పనివాడు అడిగితే పని పోవచ్చు. వాటాదారు అడిగితే మహా అయితే నలుగురు నవ్వుతారు. అంత చవగ్గా దొరికిన ధైర్యాన్ని దాచుకుని ఏం చేసుకుంటాం? జీతాల ఖర్చు తగ్గిందన్న వరస చూసినప్పుడు, అది ఎంతమంది మనుషులో అడగాలి. జవాబు రాకపోయినా, ఆ అంకె వెనక మనుషులున్నారని గదిలో ఒకరు గట్టిగా అన్నట్టవుతుంది.