పూజను పరులకు అప్పగింపవచ్చునా?



ఇల్లు కట్టవలెనన్న మేస్త్రిని పిలుతుము. జ్వరము వచ్చినచో వైద్యుని యొద్దకు పోదుము. భూమి తగవు వచ్చినచో వకీలును ఆశ్రయింతుము. పని తెలిసినవానికి పని అప్పగించుట లోకరీతి; అందు దోషము లేదు. అయినను సకల సౌకర్యములు గలవారు సైతము కొన్ని పనులను పరులచేతికి ఈయరు. వంటమనిషి యున్న యింటను తల్లి తన బిడ్డకు తానే గోరుముద్దలు తినిపించును. వంటమనిషికి ముద్ద కలుపుట రాదనియా? కాదు. బిడ్డ ఆకలి ఎవరు పెట్టినను తీరును. తినిపించుటలోని తల్లితనము మాత్రము తినిపించినవారికే దక్కును.

ఇష్టలింగార్చన ఇట్టి పని. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమున, బిజ్జలుని కొలువులో భండారి పదవి నిర్వహించుచు, బసవేశ్వరుడు గట్టిగా పట్టుకొన్న విషయ మిది. చాకలివృత్తి చేయు మడివాళ మాచయ్యకును, పడవ నడుపు అంబిగర చౌడయ్యకును, తోళ్లపని చేయు డోహర కక్కయ్యకును, స్త్రీలకును అరచేతిలోనే లింగము నిలిచినది. గర్భగుడి ద్వారము తెరచువా డొకడు, మనకు బదులుగా పూజించువాడు మరియొకడు అను ఏర్పాటు ఇచ్చట నిలువదు. ఎడమ అరచేత లింగము నుంచుకొని, విభూతి ధరించి, పంచాక్షరిని జపించుచు దృష్టిని లింగమునందు నిలుపవలెను. మంత్రము మనకై మరియొకరు చెప్పవచ్చును గాక, మన చూపును మరియొకరు చూడగలరా?

అట్లయిన గురువేల అని కొందరడుగుదురు. గురువు లేక దీక్ష లేదు. అష్టావరణములలో మొదటిది గురువే. ఆయన లింగమును శిష్యుని అరచేతిలో నుంచి, మంత్రము నుపదేశించి, తన చేతిని వెనుకకు తీసికొనును. ఈత నేర్పువాడు చేయి వదలుట వంటిది అది. చేయి వదలనివాడు నేర్పినవాడు కాడు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జమహాదేవి కథ మనవారికి తెలిసినదే. శివునకు తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై నీళ్లుపోసి, కాటుక పెట్టి, పాలిచ్చి లాలించినది. దాదిని కుదిర్చి పుణ్యము కట్టుకొందమని ఆమెకు తోచలేదు. కన్నప్ప సంగతియు నంతే. శ్రీకాళహస్తిలో శాస్త్రమెరిగిన అర్చకుడు ఉండనే యుండెను. అతడు పెట్టునది శుచి, ఈ బోయ పెట్టునది మాంసము. అయినను లింగమునకు కన్ను రక్తము కారినప్పుడు తన కన్ను పెకలించినవాడు బోయవాడే.

దాసోహమునందును ఇదే తీరు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు రాలిన బియ్యపుగింజల నేరి జంగమార్చన చేసెడివారు. బసవేశ్వరుని మహామనెలో అన్నమునకు కొదువలేదు; దానితో ఎందరికైనను పెట్టవచ్చును. అయినను ఒకనాడు భర్త అవసరమునకు మించి గింజలు తెచ్చినందున, వానిని తిరిగి అచ్చటనే పోసిరమ్మని లక్కమ్మ చెప్పినది.

ఇక మన ఇండ్ల సంగతి. లింగము మెడలోనో, దేవునిగూటిలో భరిణెలోనో యుండును. పూజమాత్రము పండుగనాడు అయ్యగారు వచ్చి చేయవలెను. ఏమనగా, "మాకు పద్ధతి రాదు, తప్పు జరుగునేమో" అందురు. తీరిక లేదనువారికంటె ఈ భయము గలవారే నాకు ఆప్తులు, ఏలయన వారికి భక్తి యున్నది. కాని ఆ భయము పోవుటకు మందు అయ్యగారు మరల వచ్చుట కాదు. ఆయన వచ్చినకొలది మన చేయి మరింత మొద్దుబారును. ఇరువది యేండ్లు ఎదుట కూర్చుండి చూచినను విభూతి ఎట్లు ధరింపవలెనో తెలియని యజమానులు గలరు! ఈ తప్పు జంగమమూర్తులదియు కొంత. దక్షిణ పుచ్చుకొని పూజ ముగించుట సులభము. పక్కన కూర్చుండబెట్టి నేర్పుట ఓపికతో కూడిన పని. మఠములు ఈ రెండవదానిని తమ కాయకముగా నెంచవలెనని మా విన్నపము.

మరియొక మాట. ఖర్చు మిగులునని అయ్యగారిని మానువాడు స్వయముగా పూజించువాడు కాడు, వాడు పిసినారి. బిడ్డకు జబ్బుచేసినప్పుడు వైద్యుని పిలువక విభూతి పెట్టి కూర్చుండుటయు బసవమార్గము కాదు. వైద్యుడు చేయగలది వైద్యుడే చేయవలెను.

రానివారు ఇట్లు ఆరంభింపుడు. మీ గురువునో, నిత్యార్చన గల ఇంటి పెద్దమ్మనో పిలిచి, భోజనమునకు ముందు వారి ప్రక్కన కూర్చుండుడు. లింగము మీ అరచేతిలోనే యుండవలెను. వారు నోటితో చెప్పుచుండగా మీరు చేయుడు. కొలది దినములైన పిమ్మట వారిని రావలదని చెప్పి, మీ పిల్లలను ఆ స్థానమున కూర్చుండబెట్టుడు.