ముత్యముల ఋణము

మానవుడు మూడు ఋణములతో జన్మించునని పెద్దలు చెప్పుదురు. అవి దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. ఇవి గాక తండ్రి చేసిన అప్పును కుమారుడు తన దేహకష్టముతో తీర్చవలసిన మరియొక ఋణము లోకమున నుండెను. చెరకు తోటలకు ఒడంబడికపై వచ్చిన కూలీల సంతతివారికి అట్టి బంధనము క్రొత్త కాదు. నేడు సంయుక్త అరబ్ ఎమిరేట్లు అని పిలువబడు తీరమున అది ఎట్లు సాగెనో, ఎట్లు అంతరించెనో తెలిసికొనుట మేలు. ప్రపంచ చరిత్ర పెద్దగా గమనింపని ఒక మలుపు అందులో కలదు. ఆ మలుపులో ఒక ధర్మప్రశ్నయు కలదు.

20వ శతాబ్దారంభమున అబూధాబీ, దుబాయి, షార్జా మొదలగు పట్టణములకు ముత్యముల వేటయే ముఖ్య జీవనాధారము. ఆ తీరమునుండి సుమారు 1,200 పడవలు, 22,000 మంది మనుష్యులు ఈ వృత్తిలో నుండిరి. వేసవి నాలుగు మాసములును వారు సముద్రముపైననే గడిపెడివారు. మునిగెడివాడు కొమ్ముతో చేసిన సాధనముతో ముక్కు బిగించి, రాతిబరువుతో అడుగునకు దిగి, ఒక్క ఊపిరిలో ముత్యపు చిప్పలను ఏరి బుట్టలో వేసికొనును. పైనున్న తోడువాడు త్రాడు లాగి అతనిని బయటకు తీయును. ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు ఇదియే పని. ఆ ముత్యములు బొంబాయి వర్తకుల చేతులమీదుగా దేశదేశములకు చేరెను. హైదరాబాదు సంపన్నుల కంఠములను అలంకరించిన బస్రా ముత్యములును ఈ సముద్రమునుండి వచ్చినవే. ఆ హారములను తెలుగునాడు చూచినది. వాటి వెనుక బిగబట్టిన ఊపిరిని చూడలేదు.

వేటకు వెళ్లుటకు ముందు పడవ నాయకుడగు నఖోదా కుటుంబ పోషణకై మునిగెడివానికి బయానా నిచ్చును. వేట ముగిసిన పిదప లెక్క చూతురు. ఖర్చులు పోగా అతని వాటా తరచుగా బయానాకు సరిపోదు. మిగిలిన అప్పు మరుసటి యేటికి సాగును. అప్పు తీరనిదే మరియొక నఖోదా పడవ ఎక్కుటకు వీలు లేదు. అతడు మరణించినచో, పలుతావుల ఆ భారము కుమారునిపైననో సోదరునిపైననో పడెడిది. మునిగెడివారిలో ఆఫ్రికానుండి తేబడిన బానిసలును కలరు. వారి సంపాదన యజమానికే చెందెడిది. నఖోదా సైతము తనకు సొమ్మిచ్చిన వర్తకునికి ఋణపడినవాడే.

తోటల ఒడంబడికలోను ఈ ముడి వంటిదే యొకటి కలదు. 1834 తరువాత మారిషస్‌కును, 1860లో మద్రాసునుండి ట్రూరో నౌకపై నాతాల్‌కును, అటుపిమ్మట ఫిజీకిని వెళ్లినవారు, తాము చదువలేని కాగితముపై వేలిముద్ర వేసిరి. మారిషస్‌లో ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోసెడి పద్ధతి యుండెను. బర్మాకు వెళ్లిన తెలుగు కూలీలను మేస్త్రీ ఇచ్చిన బయానాయే కట్టివేసెను. అందరితోను చెప్పబడిన మాట ఒక్కటియే: “ఒప్పుకొంటివి గదా, నిలుపుకొనుము.”

ఇచ్చట ధర్మప్రశ్న పుట్టుచున్నది. ఇచ్చిన మాటకై ఆలిని, బిడ్డను, తుదకు తన్ను తాను అమ్ముకొన్న హరిశ్చంద్రుని కథ విని తెలుగువారు తరతరములుగా కన్నీరు కార్చిరి. అయితే హరిశ్చంద్రుడు రాజు. తానేమి ఇచ్చుచున్నాడో ఎరిగి ఇచ్చెను. ఆకలిగొన్న బిడ్డలను చూచి, షరతులు తెలియక, వేరు దారి లేక ఇచ్చిన మాటయు అట్టి సత్యమేనా? సత్యము ఇచ్చువానికెంతయో పుచ్చుకొనువానికిని అంతయే విధి గదా. ఎదుటివాని అవసరమును కనిపెట్టి వ్రాయించుకొన్న ఒడంబడికలో సత్యభంగము మొదట చేసినవాడు వ్రాయించుకొన్నవాడే.

ఈ రెండు బంధనములును అంతరించెను గాని, ఒక్క విధముగా కాదు. 1893 జూలై 11వ తేదీన జపానులో మికిమోతో కోకిచి తాను పెంచిన చిప్పలలో అర్ధగోళాకారపు ముత్యములను కనుగొనెను. గుండ్రని పెంపకపు ముత్యములు 1920 ప్రాంతములలో ప్రపంచ విపణికి చేరెను. 1929 ఆర్థిక మాంద్యము దానికి తోడయ్యెను. 1930 తరువాతి దశాబ్దమున అరబ్బు తీరపు ముత్యముల వ్యాపారము కూలిపోయెను. వర్తకులే దివాలా తీసిరి. పడవలు ఒడ్డున పడియుండెను. అప్పుల పట్టు సడలెను గాని, ఇంట గింజలు లేవు. మునిగెడివానిని విడిపించినది ఎవరి దయయు కాదు, ఎవరి పశ్చాత్తాపమును కాదు.

ఒడంబడిక కూలి కథ వేరు. గోఖలే 1910లో శాసనసభయందు తీర్మానము ప్రవేశపెట్టగా, 1911లో నాతాల్‌కు వలస నిలిచెను. సర్వత్ర ఈ పద్ధతిని రద్దుచేయవలెనని 1912లో ఆయన తెచ్చిన తీర్మానము ఓడిపోయెను. అయినను మాట ఆగలేదు. దేశమెల్ల ఆందోళనము లేచెను, యుద్ధావసరములును తోడయ్యెను, 1917లో వలస నిలుపబడెను. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒడంబడికలును రద్దయ్యెను. ఇచ్చట మనుష్యులు లేచి “ఇది అధర్మము” అని పలికిరి.

ఈ భేదము చిన్నది కాదు. విపణి మార్పుచే తెగిన సంకెల మరియొక విపణిలో తిరిగి అతుకుకొనగలదు. అబూధాబీలో 1958లో చమురు కనబడెను. 1962లో ఎగుమతి ఆరంభమయ్యెను. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు ఏకమయ్యెను. 1972లో రాస్ అల్ ఖైమా చేరెను. ఆ దినమును చరిత్ర పుస్తకములన్నియు వ్రాయును. పిదప కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమలనుండి వేలాది తెలుగువారు ఆ ఎడారిలో భవనములు కట్టుటకు వెళ్లిరి. వారిలో పలువురు ఏజెంటుకు ఇచ్చుటకై ఊరిలో వడ్డీకి తెచ్చిరి. మొదటి జీతము రాకముందే అప్పు వచ్చెను.

వారు ఇష్టపడి వెళ్లిరి, ఇండ్లు కట్టిరి, బిడ్డలను చదివించిరి అనుట సత్యమే. 2005 నుండి మధ్యాహ్నపు ఎండలో పని నిషేధించు నియమము ఆ దేశమున కలదు. 2022లో అమలునకు వచ్చిన చట్టము, నియామకపు ఖర్చును యజమాని కార్మికునినుండి రాబట్టరాదనియు, అతని పత్రములను ఉంచుకొనరాదనియు శాసించెను. ఇవి మెచ్చదగినవి. అయినను స్వగ్రామమున వడ్డీ వ్యాపారికి వ్రాసియిచ్చిన నోటు ఆ చట్టపు కంటికి దూరమే.

తర్పణము విడుచుటతోనే పితృఋణము తీరదు. పూర్వులు ఏ బాధ ననుభవించిరో ఆ బాధను పరుని ముఖమున గుర్తించుటయు పితృఋణము తీర్చుటయే. నఖోదా లెక్కలలో మునిగెడివాడే బాకీదారు. ధర్మము లెక్క చూచినచో ముత్యము ధరించినవారును, చక్కెర తినినవారును, ఆ భవనములలో నివసించువారును బాకీపడియున్నారు. పరదేశమున తెలుగు పలుకు కార్మికుడు ఎదురైనపుడు తోటల సంతతివారు అతని ఊరు అడుగుదురు. ఊరు అడిగిన పిదప, “ఎంత అప్పుతో వచ్చితివి, నాయనా?” అనియు అడుగవలెను.