అబ్రాహాము కుమార్తె
ధ్యానభాగము: లూకా 13:10–17



పదునెనిమిది ఏండ్లుగా నడుము వంగియున్న స్త్రీని ప్రభువు విశ్రాంతి దినమున సమాజమందిరములో చూచి, దగ్గరకు పిలిచి బాగుచేసెను. ఆమె ముఖమెట్టిదో, మేనిరంగెట్టిదో లూకా వ్రాయలేదు. వైద్యుడు గదా, రోగమెన్నాళ్లదో మాత్రము మరువలేదు.

మన పశ్చిమ ప్రకాశమునకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. బోరునీటి ఫ్లోరైడువలన నడుము వంగిన తల్లులు, పండ్లు గారపట్టి నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వు పడుచులు మన ఊళ్లలోనున్నారు. అయితే ఈ నెల వేరొక సహోదరిని గూర్చి వ్రాయుచున్నాను.

స్థూలకాయముచేత మోకాళ్లనొప్పులు, షుగరు వచ్చి, ఆమె పట్టణమునకు పోయి పొట్ట చిన్నదిచేయు శస్త్రచికిత్స చేయించుకొన్నది. ఆమెకు జీర్ణాశయములో ఎక్కువ భాగమును తీసివేసిరి. అట్టివారు కొంచెమే తినగలరు. విటమిను మాత్రలు జీవితకాలము వేసికొనవలెను. బరువు త్వరగా తగ్గుటవలన చర్మము వ్రేలాడును. మొదటి నెలలలో జుట్టు రాలి, చాలమందికి తరువాత మరల వచ్చును. ఎంత చిక్కినను అద్దములో పాత శరీరమే కనబడుచున్నదని చెప్పువారును గలరు.

మనమేమి చేసితిమి? లావుగానున్నప్పుడు ధాన్యపు బస్తా అంటిమి. చిక్కిన తరువాత "ఏమి జబ్బు తల్లీ?" అంటిమి. 2015 జూన్‌లో మరణించిన సినిమా నటి ఆర్తీ అగర్వాల్ మాట ఎత్తి ఆమెను భయపెట్టినవారున్నారు. ఆ నటి చేయించుకొన్నదని పత్రికలు వ్రాసినది చర్మము క్రింది కొవ్వు తీయు చికిత్స, ఇది వేరు. పరామర్శకు పోయినచోట తెలియని సంగతులు మాటలాడుట మనకు పాత అలవాటే.

నా తప్పును ఒప్పుకొందును. కోతపండుగ ప్రేమవిందులో ఆమె గుప్పెడన్నముతో లేవబోగా, "మా వడ్డన నచ్చలేదా అమ్మా?" అని నేనే మరియొక గరిటె వేసితిని. పాదిరి వడ్డించినది కాదనలేక తినెను. తరువాత గుడి వెనుక వేపచెట్టు క్రింద వాంతి చేసికొన్నదని నా భార్య చెప్పినది. ఆ మీదట మూడు ఆదివారములు ఆమె రాలేదు.

ప్రభువు ఆ స్త్రీని స్వస్థపరచి ఊరకుండలేదు. మందిరపు అధికారి మండిపడుచుండగా, అందరి యెదుట ఆమెను అబ్రాహాము కుమార్తె యనెను. నడుము నిలిచిన తరువాత కూడ ఆమెకు ఆ జనుల మధ్య చోటు కావలసియుండెను.

మొన్న శనివారము మేమిద్దరము ఆ సహోదరి యింటికి పోతిమి. క్షమింపుమని అడిగితిని. ఆమె చాలసేపు పలుకలేదు. పొడుగుచేతుల రవికెను మణికట్టువరకు లాగుకొనుచు, "అయ్యగారూ, పాటలో చేతులెత్తమందురు. నాకు సిగ్గుగానున్నది" అన్నది. నా భార్య ఆమె ప్రక్కన చాపమీద కూర్చుండి, "మనమిద్దరము చేతులు ఒడిలో పెట్టుకొనియే పాడుదము లెమ్మా" అన్నది.