మట్టి తీసిన ఏడాది

ఓపెన్‌కాస్ట్ గనిలో రెండు లెక్కలుంటాయి. బొగ్గు లెక్క టన్నుల్లో, మట్టి లెక్క ఘనపు మీటర్లలో. రామగిరి మండలంలో పెరిగిన పిల్లలకు ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. గని పక్కన లేచిన మట్టికుప్పలు రామగిరి ఖిల్లాతో పోటీపడుతున్నట్టు రోజూ కళ్లెదుటే ఉంటాయి. 2023-24లో సింగరేణి ఏడు కోట్ల టన్నుల బొగ్గు తీసిందంటే, ఆ బొగ్గు కోసం పక్కకు తోసిన మట్టి అంతకు ఎన్నో రెట్లు. కొత్త గనిలోనైతే నెలల తరబడి మట్టే తీస్తారు, పిడికెడు బొగ్గు కనబడదు. అయినా ఆ నెలల్లో డంపర్ నడిపిన మనిషిని పని చేయలేదని ఎవరూ అనరు, ఎందుకంటే ఆ మట్టికి వేరే రిజిస్టర్ ఉంది. మన పిల్లల క్రికెట్‌లో లేనిది ఆ రెండో రిజిస్టరే. జిల్లా కుర్రాళ్ల జట్టు టోర్నమెంట్‌లో ఓడి ఇంటికొస్తే మిగిలేది పాయింట్ల పట్టికలో అట్టడుగు వరస. ఆ ఏడాది ఒక్కొక్కడు ఎన్ని బంతులు ఎదుర్కొన్నాడు, ఎన్ని ఓవర్లు వేశాడు, ఎన్ని రోజులు మైదానంలో ఉన్నాడు అని అడిగితే జవాబు చెప్పేవారుండరు. ఓడిన సీజన్ బాగుందో లేదో తేల్చవలసింది ఈ రెండో లెక్కతోనే అని నా వాదన.

అండర్-19 ప్రపంచకప్ చరిత్ర చూడండి. 2006లో కొలంబో ఫైనల్లో మనవాళ్లు పాకిస్తాన్‌ను 109 పరుగులకే కట్టేసి, తర్వాత తాము 71కే కుప్పకూలారు. అంత తలవంపుల ఓటమి మళ్లీ వెతికినా దొరకదు. ఆ జట్టులో ఉన్నవాళ్లు రోహిత్ శర్మ, చతేశ్వర్ పుజారా, రవీంద్ర జడేజా. 2016లో మీర్‌పూర్‌లో వెస్టిండీస్ చేతిలో ఫైనల్ పోగొట్టుకున్న జట్టులో రిషభ్ పంత్, వాషింగ్టన్ సుందర్ ఉన్నారు. 2020 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ చేతిలో ఓడినవాళ్లలో యశస్వి జైస్వాల్‌తో పాటు మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ ఒకడు. 2025 సెప్టెంబర్‌లో దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్ చేజారుతున్న వేళ 69 పరుగులతో అజేయంగా నిలిచి పాకిస్తాన్ మీద గెలిపించింది ఆ తిలకే. ఇక గెలిచినవాళ్ల సంగతి. 2012లో కప్పు తెచ్చిన కెప్టెన్ ఉన్ముక్త్ చంద్ ఫైనల్లో 111 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. దేశమంతా అతన్ని నెత్తిన పెట్టుకుంది. సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అతను అమెరికా వెళ్లిపోయాడు.

ఇక్కడ ఆలోచనాపరుడైన పాఠకుడు అడ్డుపడతాడు. వాళ్లు దేశమంతా జల్లెడ పట్టి తెచ్చినవాళ్లు, ఓడినా గెలిచినా పైకొచ్చేవాళ్లే, వాళ్లను చూపించి జిల్లా పిల్లలను ఓదార్చడం ఏం న్యాయం అంటాడు. అభ్యంతరం సరైనదే. ఓడిన ప్రతి జట్టులోనూ ఒక రోహిత్ దాక్కుని ఉండడు. ఆ ఉదాహరణల నుంచి తీసుకోగలిగింది ఒక చిన్న విషయమే: ఈ వయసులో ఫలితానికీ ఆ పిల్లల భవిష్యత్తుకూ ఉన్న ముడి చాలా వదులు. ఎందుకు వదులో కూడా చెప్పవచ్చు. 1985లో కెనడాలో రోజర్ బార్న్‌స్లీ బృందం ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన తేదీలు వరసపెట్టి చూసింది. వయసు కటాఫ్ దాటగానే పుట్టినవాళ్లు, అంటే తమ ఈడు జట్టులో అందరికన్నా పెద్దవాళ్లు, ఉండవలసినదానికన్నా ఎక్కువగా కనబడ్డారు. మన బోర్డు కటాఫ్ సెప్టెంబర్ 1. ఆ సెప్టెంబర్‌లో పుట్టినవాడికీ మరుసటి ఆగస్టులో పుట్టినవాడికీ మధ్య దాదాపు ఏడాది ఎముక, ఏడాది కండ తేడా ఉంటుంది. ఇద్దరూ ఒకే అండర్-16 జట్టుకు పోటీపడాలి. తప్పుడు వయసులు పట్టుకోవడానికి ఈ పిల్లల మణికట్టు ఎక్స్‌రే తీస్తున్నారంటే, ఒక్క ఏడాది కోసం అబద్ధమాడేటంత లాభం ఉందన్నమాట. పిల్లల పాయింట్ల పట్టికలో ఆట ఎంతో, మీసాలు ముందొచ్చినవాళ్ల బలం అంత.

పట్టిక రెండువైపులా మోసం చేస్తుందనడానికి పెద్దల ఆటలోనే మన ఇంటి సాక్ష్యం ఉంది. 1937-38లో, 1986-87లో రంజీ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ 2022-23లో ఏడు మ్యాచుల్లో ఆరు ఓడి, ఒక్క పాయింటుతో ప్లేట్ గ్రూపుకు జారింది. మరుసటి ఏడాది అక్కడ అన్నీ గెలిచి తిరిగి పైకొచ్చింది. అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ దాటి, 26 సిక్సర్లతో 366 కొట్టాడు. ఏడాదిలో హైదరాబాద్ ఆట అంతగా మారిపోయిందా? ఎదురుగా ఉన్నవాళ్లు మారారు. పడిపోయిన ఏడాది ఏం జరిగిందో కూడా గుర్తుంచుకోవాలి. ఆ సీజన్ నడిచిన నెలల్లో హైదరాబాద్ క్రికెట్ సంఘం పంచాయితీ సుప్రీంకోర్టులో ఉంది. 2023 ఫిబ్రవరిలో కోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేయవలసి వచ్చింది. పట్టికలో మాత్రం ఓడినవాళ్లుగా నమోదైంది పదకొండు మంది ఆటగాళ్లే.

అయితే జిల్లా పిల్లల మట్టి లెక్క ఎలా ఉంటుంది? కూడికలు తీసివేతలు చాలు. పదహారు జట్లు నాకౌట్ ఆడితే మొత్తం పదిహేను మ్యాచులు. ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్‌తో బస్సెక్కుతాయి. ఆ ఒక్క మ్యాచ్‌లో ఏడో నంబరు కుర్రాడికి బ్యాటు పట్టే వంతు రాకపోవచ్చు, నాలుగో బౌలర్‌కు రెండు ఓవర్లు దొరికితే గొప్ప. అదే పదహారింటిని నాలుగేసి చొప్పున లీగ్ ఆడిస్తే ప్రతి జట్టుకూ మూడు మ్యాచులు ఖాయం. ఇక బంతి. కాలనీ గ్రౌండ్లలో ఏడాది పొడుగునా ఆడేది టెన్నిస్ బంతి, అరవై గ్రాములు కూడా ఉండదు. గట్టి నేల మీద పడి బొడ్డు ఎత్తున లేస్తుంది, అడ్డంగా ఊపితే చాలు పోతుంది. తోలు బంతి 156 నుంచి 163 గ్రాములు. పచ్చిక పిచ్ మీద కుట్టు తగిలి ఆఖరి క్షణంలో తిరుగుతుంది, అడ్డంగా ఊపినవాడి బ్యాటు అంచు పట్టుకుని స్లిప్పులోకి పోతుంది. ఆ కుర్రాడు ఓడింది ఎదుటి బౌలర్ చేతిలో అనుకుంటాం. అతను ఆ బంతిని ఆ ఏడాది ఎన్నిసార్లు చూశాడో తెలియకుండా ఆ మాట అనలేం.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది. గెలుపూ ఒక అలవాటే, ఓటమికి సాకులు వెతికితే పిల్లలు మెత్తబడిపోతారు, సెలెక్టర్లు చూసేది పరుగులనే కదా అంటారు. మట్టి రిజిస్టర్ సాకుల పుస్తకం కాదు. షావెల్ ఆగిపోతే ఎన్ని గంటలు ఆగిందో కూడా గని లెక్క రాస్తుంది. అలాగే ఆరు మ్యాచులు ఆడి ఓడిన ఏడాదీ, అసలు ఆడించకుండా గడిచిపోయిన ఏడాదీ ఒకటి కావని ఈ లెక్క పట్టిస్తుంది. మొదటిది మట్టి తీసిన ఏడాది, రెండోది యంత్రాలు నిలబడిపోయిన ఏడాది. పాయింట్ల పట్టికలో రెండూ ఒకేలా కనబడతాయి. ఇది మెతక మాట కాదనడానికి సాక్షి రాహుల్ ద్రావిడ్. ఇండియా-ఎ జట్లకు కోచ్‌గా ఉన్నప్పుడు పర్యటనకు వెళ్లిన ప్రతి ఆటగాడికీ మ్యాచ్ ఇవ్వాలని పట్టుబట్టాడు. ఒక కుర్రాడు ఒక్క అండర్-19 ప్రపంచకప్పే ఆడాలన్న పద్ధతి కూడా ఆయన హయాంలో వచ్చిందే. గెలుపు ఒక్కటే కావాలనుకుంటే అనుభవమున్నవాళ్లనే మళ్లీ దించేవారు. అలా దించకుండానే 2018లో ఆయన అండర్-19 జట్టు కప్పు గెలిచింది.

బొగ్గు గనుల ప్రాంతానికి మైదానాల కరువు లేదు. సెంటినరీ కాలనీలో రాణి రుద్రమదేవి స్టేడియం ఉంది, గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. కరువల్లా తోలు బంతితో, మంచి పిచ్ మీద, వరసగా ఆడే రోజులకే. ఆ రోజుల కోసం ఇక్కడి పిల్లలు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దాటి హైదరాబాద్ చేరాలి. 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిష ఊరు భద్రాచలం. ఆమె ఆట కోసం కుటుంబమే సికింద్రాబాద్‌కు తరలింది. అలా తరలలేని ఇళ్ల పిల్లలు పట్టికలో చివరి వరసలో మిగిలితే, దాన్ని వాళ్ల చేతగానితనంగా చదవడం తప్పుడు లెక్క.

ఆ రెండో లెక్క రాయడానికి కొత్త ఖర్చేమీ లేదు. స్కోరుబుక్కులో పరుగు రాని బంతికి కూడా చుక్క పెడతారు. అరవై బంతులు ఆడి పదకొండు పరుగులు చేసిన కుర్రాడి గంటసేపు ఓపిక అక్కడ చుక్కల్లో భద్రంగా ఉంటుంది, కూడేవాళ్లే లేరు. జిల్లా సంఘాల పెద్దలను, శిక్షకులను, తల్లిదండ్రులను కోరేది ఒక్కటే. వచ్చే సీజన్ ముగిశాక పాయింట్ల పట్టిక పక్కనే ఇంకో కాగితం అంటించండి. పేరు, ఎదుర్కొన్న బంతులు, వేసిన ఓవర్లు, మైదానంలో ఉన్న రోజులు అందులో రాయండి. ఆ గడుల్లో అంకెలుంటే ఓడిన పిల్లల భుజం తట్టండి. ఖాళీలుంటే సంజాయిషీ అడగవలసింది పిల్లలను కాదు.